తెల్ల సరుకు, నల్ల సరుకు: సత్తుపల్లి నేల మీద రెండు చిట్టాలు

ఖమ్మం జిల్లా సత్తుపల్లి బజారులో ఏడాది పొడుగునా రెండు సరుకుల మాట నడుస్తుంది. ఒకటి తెల్లది, ఒకటి నల్లది. తెల్లదానిని రైతు తూకం వేసి యార్డుకు తెస్తాడు. నల్లదానిని సింగరేణి సంస్థ తవ్వి వ్యాగన్లకు ఎత్తుతుంది. పత్తికి రోజు రోజుకూ ధర మారుతుంది. బొగ్గుకు సంస్థ ప్రకటించిన ధర ఉంటుంది, దాని పక్కన వేలం ధర ఉంటుంది. రెండింటికీ గ్రేడు తగాదాలు, తేమ తగాదాలు, కాటా తగాదాలు ఉన్నాయి. తేడా ఒక్కటే. పత్తి వచ్చే ఏడు మళ్ళీ పండుతుంది. బొగ్గు తీసిన చోట మళ్ళీ బొగ్గు ఉండదు, చాలాకాలం పత్తి కూడా ఉండదు.

సత్తుపల్లి పట్టణాన్ని ఆనుకునే జలగం వెంగళరావు ఓపెన్‌కాస్టు గని ఉంది. జనం వాడుకలో అది జేవీఆర్ ఓసీ. 1973 నుంచి 1978 వరకు రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్న ఈ ప్రాంతపు నాయకుని పేరే గనికి పెట్టారు. పక్కనే కిష్టారం ఓపెన్‌కాస్టు ఉంది. చుట్టూ పత్తి, మిరప, మొక్కజొన్న, వరి చేలు, మామిడి తోటలు. దమ్మపేట, అశ్వారావుపేట వైపు వెళితే ఆయిల్‌పామ్ తోటలు. ఇంత దగ్గరలో ఇన్ని సరుకులు పండే ప్రాంతంలో గని విస్తరించిన కొద్దీ ఏ సరుకు పెరుగుతుంది, ఏది తరుగుతుంది అన్నది వర్తకులకు కాలక్షేపపు ప్రశ్న కాదు. అడ్తి కొట్టు పద్దు, జిన్నింగు మిల్లు రాబడి, లారీ కిరాయి అన్నీ దాని మీద ఆధారపడి ఉన్నాయి.

పూర్వరంగం

ఈ జిల్లా నేలలో బొగ్గు సంగతి కొత్తది కాదు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు సమీపాన బొగ్గు పొరను గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది. 1889లో ఇల్లెందు దగ్గర తవ్వకం మొదలైంది. దగ్గరలోని సింగరేణి గ్రామం పేరే 1920లో ఏర్పడిన కంపెనీకి వచ్చింది. 1945లో నిజాం ప్రభుత్వం వాటాల్లో అధిక భాగం కొన్నది. అందుచేతనే 1970వ దశకం తొలి సంవత్సరాలలో దేశంలోని బొగ్గు గనులను జాతీయం చేసినప్పుడు సింగరేణి కోల్ ఇండియాలో కలవకుండా విడిగా నిలిచింది. ఇప్పుడు సంస్థలో తెలంగాణ ప్రభుత్వానికి 51 వంతులు, కేంద్రానికి 49 వంతులు వాటా ఉంది.

మొదటి ఎనభై ఏళ్ళకు పైగా సింగరేణి బొగ్గు అంతా భూగర్భ గనుల బొగ్గే. పైన చేను పండేది, కింద కార్మికుడు తవ్వేవాడు. 1975లో సంస్థలో యాంత్రిక ఓపెన్‌కాస్టు పద్ధతి వచ్చింది. అప్పటినుంచి లెక్క మారింది. భూగర్భ గనిలో పైకప్పు నిలిపేందుకు స్తంభాల రూపంలో గణనీయమైన బొగ్గును లోపలే వదలాలి. ఓపెన్‌కాస్టులో పైన ఉన్న మట్టీ రాయీ ఎత్తిపోస్తే బొగ్గు దాదాపుగా పూర్తిగా చేతికి వస్తుంది. మనిషికి పడే ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరుగుతుంది. ప్రమాదాలు తగ్గుతాయి. 2023-24లో సింగరేణి సుమారు 7 కోట్ల టన్నులు తీసింది. 2024-25లో అది సుమారు 6 కోట్ల 90 లక్షల టన్నులు. అందులో పదింట ఎనిమిది పాళ్ళకు మించి ఓపెన్‌కాస్టు బొగ్గే. దేశం మొత్తం మీద 2024-25లో ఉత్పత్తి 100 కోట్ల టన్నులు దాటింది.

ఖర్చు తక్కువ, సరుకు ఎక్కువ. సంస్థ వైపు నుంచి చూస్తే ఓపెన్‌కాస్టును కాదనడానికి కారణం కనిపించదు. గ్రామం వైపు నుంచి చూస్తే పైన ఉన్న చేను ఇక ఉండదు. ఈ రెండు మాటలూ నిజమే.

ఎకరం లెక్క

వర్తకులకు నచ్చే పద్ధతిలో ఒక ఎకరాన్ని తీసుకొని రెండు చిట్టాలు వేసి చూడవచ్చు.

ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. బొగ్గు సాంద్రత ఒకటిన్నర అనుకుంటే, ఒక మీటరు మందం గల పొరలో ఎకరానికి సుమారు 6,000 టన్నుల బొగ్గు ఉంటుంది. పొర 5 మీటర్లు అనుకుందాం. 30,000 టన్నులు. టన్ను ధర లెక్క కోసం రు. 3,000 వేస్తే 9 కోట్ల రూపాయల సరుకు. అయితే సింగరేణిలో టన్ను బొగ్గు తీయడానికి సగటున 6 ఘనపు మీటర్లకు పైగా మట్టి ఎత్తవలసి వస్తున్నది. అంటే ఆ ఎకరం కింది బొగ్గు కోసం 1 లక్షా 80 వేల ఘనపు మీటర్ల మట్టిని మరో చోట గుట్టగా పోయాలి. ఆ గుట్టకూ భూమి కావాలి. గని తినే భూమిలో బొగ్గు ఉన్న భూమి మాత్రమే కాదు, గుట్టలు పోసే భూమి, రోడ్లు, బొగ్గు నిల్వ స్థలం కూడా చేరతాయి.

ఇక తెల్ల చిట్టా. ఎకరానికి 8 క్వింటాళ్ళ పత్తి అనుకుంటే, 2025-26 సీజనుకు పొడుగు పింజ మద్దతు ధర రు. 8,110 చొప్పున రు. 64,880. ఇది స్థూల రాబడి. విత్తనం, ఎరువు, మందు, ఏరుడు కూలి ఇందులోనుంచే పోవాలి.

స్థూల విలువలో బొగ్గుకూ పత్తికీ పోలికే లేదు. కాబట్టి గని వద్దనేవారు పంట విలువ చూపి వాదిస్తే ఆ వాదం కాటా మీద నిలవదు. అసలు చూడవలసినది బొగ్గు విలువ ఎవరి చిట్టాలో జమ అవుతున్నదన్నది. రాయల్టీ 2012 నుంచి ధర మీద 14 శాతం. పై లెక్క ప్రకారం ఎకరానికి 1 కోటి 26 లక్షలు, రాష్ట్ర ఖజానాకు. 2015లో గనుల చట్టానికి చేసిన సవరణ ప్రకారం జిల్లా ఖనిజ నిధి ఏర్పడింది. 2015 జనవరి 12కు ముందటి లీజులైతే రాయల్టీలో 30 శాతం ఆ నిధికి చెల్లించాలి. మన ఎకరం లెక్కలో అది సుమారు 37 లక్షల 80 వేలు. తాగునీరు, వైద్యం, చదువు వంటి వాటికి ఈ సొమ్ము గని ప్రభావిత గ్రామాలకు తిరిగి రావాలన్నది చట్టం ఉద్దేశం. రైతు చేతికి వచ్చేది భూమి పరిహారం, అది ఒకేసారి.

పత్తి డబ్బు తక్కువే కాని అది ఏటా బజారులో తిరుగుతుంది. అయిదెకరాల రైతు 40 క్వింటాళ్ళు తెస్తే రు. 3,24,400. అందులోనుంచి మార్కెట్ ఫీజు, హమాలీ, దడవాయి, కమీషను, కిరాయి. ఆ పత్తి మిల్లుకు చేరితే సుమారు 8 బేళ్ళ దూది, 26 క్వింటాళ్ళ గింజలు. గింజల నుంచి నూనె, చెక్క. చెక్క మళ్ళీ పశువుల దాణాగా ఊరికే చేరుతుంది. ఈ గొలుసులో ప్రతి కొక్కేనికీ ఒక మనిషి బ్రతుకుతెరువు తగిలి ఉంది. బొగ్గు గొలుసులో మొదటి కొక్కెం సత్తుపల్లిలో ఉన్నా, తక్కినవి చాలావరకు విద్యుత్ కేంద్రాల్లోనూ దూరపు కర్మాగారాల్లోనూ ఉన్నాయి.

దస్తావేజు ధర, అసలు ధర

పరిహారం విషయంలో గ్రామీణులు ఎక్కువగా దెబ్బతినేది క్రయ దస్తావేజుల దగ్గర. 1894 నాటి భూసేకరణ చట్టం కింద మార్కెట్ విలువకు పైన 15 శాతం సొలేషియం ఇచ్చేవారు. 1984లో దానిని 30 శాతం చేశారు. 2014 జనవరి 1 నుంచి అమలుకు వచ్చిన కొత్త చట్టం గ్రామీణ భూమి విలువను ఒకటి నుంచి రెండు రెట్ల వరకు హెచ్చించి, దానిపైన మరో నూరు శాతం ఇవ్వాలని చెప్పింది. కాగితం మీద ఇది పెద్ద మెరుగుదలే.

అయితే ఈ హెచ్చింపులన్నీ ఏ అంకె మీద? రిజిస్ట్రేషను విలువ మీద, లేదా చుట్టుపక్కల జరిగిన క్రయాల సగటు మీద. స్టాంపు ఖర్చు తగ్గుతుందని దస్తావేజులో ధర తగ్గించి రాయించే అలవాటు తెలియని వర్తకుడు ఉండడు. పది లక్షలకు అమ్మి నాలుగు లక్షలకు రాయించుకున్న ఊరిలో, ఆ నాలుగు లక్షలే తరువాత అందరి భూములకూ కొలబద్ద అవుతుంది. ఆనాడు ఇద్దరు మనుషులు మిగుల్చుకున్న స్టాంపు రుసుము ఊరందరికీ నష్టంగా తిరిగివస్తుంది. నాలుగు లక్షలను ఎన్ని రెట్లు హెచ్చించినా మొదటి అంకె తప్పయితే చివరి అంకె ఒప్పు కాదు.

ఏజెన్సీ మండలాల్లో చిక్కు ఇంకొక రకం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించిన తరువాత షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనడం చెల్లదు. ఇది గిరిజనుల రక్షణకే. కాని క్రయాలు జరగని చోట క్రయ ధర ఎక్కడ దొరుకుతుంది? అందుకే అలాంటి చోట్ల ఆనుకొని ఉన్న ప్రాంతాల ధరను చూసి కనీస ధర నిర్ణయించాలని 2013 చట్టంలోనే రాశారు. ఆ పొరుగు ప్రాంతపు దస్తావేజుల్లో కూడా తక్కువ ధరే ఉంటే, కథ మళ్ళీ మొదటికి వస్తుంది.

చెట్లు, తోటల విషయంలో చట్టం వేరే లెక్క కడుతుంది. వాటికి ఉద్యాన, వ్యవసాయ అనుభవం గలవారి చేత విడిగా విలువ కట్టించవచ్చు. ఆయిల్‌పామ్ మొక్క నాటిన నాలుగో ఏట కాపుకు వచ్చి పాతికేళ్ళకు పైగా గెలలు ఇస్తుంది. మామిడి అంతకంటె ఎక్కువ కాలం. అయిదో ఏట ఉన్న తోటను ఆనాటి కాపుతో విలువ కడితే ఒక అంకె, రాబోయే ఇరవై ఏళ్ళ కాపుతో కడితే మరొక అంకె. తోట రైతులు మార్కెట్ రసీదులు, ఫ్యాక్టరీ తూకపు చీటీలు దాచుకోవడం ఇలాంటి సమయంలో అక్కరకు వస్తుంది.

అడ్తి కొట్టు పద్దు

భూసేకరణ ప్రకటన వెలువడిన ఊరిలో కమీషన్ వ్యాపారి పద్దులో వరుసగా మూడు మార్పులు వస్తాయి. మొదట, ఆ ఊరి రైతు కొత్త పెట్టుబడి తగ్గిస్తాడు. బోరు వేయడు, తోట పెట్టడు, ఎరువుల అప్పు అడగడు. రెండో దశలో పరిహారం చేతికి వస్తుంది. పాత బాకీలు ఒక్కసారిగా తీరతాయి. వ్యాపారికి ఆ ఏడు మంచి ఏడులాగే కనిపిస్తుంది. మూడో దశలో ఆ రైతు పేరు మీద పేజీ ఖాళీ అవుతుంది. విత్తనం కొనడు, సరుకు తేడు.

అప్పుడే పొరుగు ఊళ్ళలో భూమి ధర పెరుగుతుంది. పరిహారం పుచ్చుకున్నవారందరూ ఒకే సమయంలో, ఒకే చుట్టుపక్కల భూమి వెదుకుతారు. అమ్మేవారు తక్కువ, కొనేవారు ఎక్కువ. సరుకుల బజారులో కొరత ధరను ఎలా ఎత్తుతుందో ఇక్కడా అంతే. అయిదెకరాలు పోగొట్టుకున్నవానికి ఆ డబ్బుతో అయిదెకరాలు తిరిగి దొరకడం అరుదు. మిగిలిన సొమ్ము ఇల్లు, పెళ్ళి, బండి, బంగారం వైపు మళ్ళుతుంది. అంగళ్ళకు రెండేళ్ళు సందడి. ఆ తరువాత?

కౌలుదారు సంగతి మరీ కష్టం. భూమి పరిహారం పట్టాదారుకే పోతుంది. మూడేళ్ళుగా ఆ భూమి మీద బ్రతికిన కౌలుదారును, కూలీని కూడా బాధిత కుటుంబంగా చట్టం గుర్తిస్తుంది. కాని కౌలు మాటమీద నడిచే ప్రాంతంలో ఆ మూడేళ్ళకు కాగితం ఎక్కడిది? కౌలుదారుకు పంట మీద అప్పు ఇచ్చిన వ్యాపారి బాకీ కూడా ఆ కాగితం లేని ఖాతాలోనే ఉంటుంది. కౌలు ఒప్పందం రాయించుకోమని రైతుకు చెప్పడం వ్యాపారికి కూడా మేలే.

లారీలు, రైలు, కూలి

గని మొదలైన తరువాత చాలా ఏళ్ళు సత్తుపల్లి బొగ్గు లారీల మీదే కొత్తగూడెం వైపు వెళ్ళేది. లారీ యజమానులకు అది మంచి కాలం. దారి పొడవునా ఉన్న ఊళ్ళకు మాత్రం దుమ్ము, ప్రమాదాలు, గుంతల రోడ్డు. కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్ స్టేషను నుంచి సత్తుపల్లికి సుమారు 54 కిలోమీటర్ల రైలు మార్గం వేశారు. ఖర్చులో పెద్ద పాలు సింగరేణి సంస్థే భరించింది. 2022లో ఈ మార్గాన బొగ్గు రవాణా మొదలైంది. దీనితో బొగ్గు లారీల ఒత్తిడి తగ్గింది, రోడ్డు పక్క ఊళ్ళకు ఊపిరి ఆడింది. అయితే వ్యాగన్లు నింపే చోట దుమ్ము ఒక్క దగ్గర గుమికూడటంతో కిష్టారం వైపు నివాసాలవారు ఆందోళనకు దిగవలసి వచ్చింది. రోడ్డు మీది బాధ తగ్గి లోడింగు దగ్గర బాధ పెరిగింది.

కూలి బజారు మీద గని ప్రభావం మరో తీరులో ఉంటుంది. బొగ్గు పైనున్న మట్టి తీసే పనిని ఎక్కువగా ప్రైవేటు కాంట్రాక్టర్లు చేస్తారు. డ్రైవర్లు, హెల్పర్లు, కాపలాదార్లు అక్కడ కావాలి. జనవరి నుంచి మార్చి వరకు గనిలో సంవత్సరాంతపు లక్ష్యాల తొందర. అదే సమయంలో పత్తి చివరి ఏరుడు, మిరప కోత, ఖమ్మం యార్డుకు తేజ రకం మిరప రాబడి. కూలికీ, లారీకీ ఒకేసారి గిరాకీ తగులుతుంది. పదేళ్ళ కిందటి కూలి రేటుతో సాగు లెక్క వేసుకున్న రైతు ఇక్కడ దెబ్బ తింటాడు. పత్తి నుంచి కూలి తక్కువ అవసరమయ్యే ఆయిల్‌పామ్ వైపు రైతులు మొగ్గడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి.

వర్షాకాలంలో వరుస తిరగబడుతుంది. జూన్ నుంచి గోతిలోకి నీరు చేరి, డంపర్ల దారులు జారుడుగా మారి బొగ్గు ఉత్పత్తి తగ్గుతుంది. అందుకే విద్యుత్ కేంద్రాలు వేసవిలోనే నిల్వలు పోగుచేసుకోజూస్తాయి. రైతు వాన కోసం చూసే రోజుల్లో గని వాన ఆగాలని చూస్తుంది.

దుమ్ము, నీరు, పేలుడు

సరుకు నాణ్యత దృష్టితో చూస్తే దుమ్ము ఆరోగ్య సమస్య మాత్రమే కాదు, ధర సమస్య కూడా. పత్తికి తెల్లదనమే ధర. చెత్త, దుమ్ము కలిసిన పత్తిని మిల్లువాడు చూడగానే కోత పెడతాడు. పత్తి సంస్థ కొనుగోళ్ళలో తేమ 8 శాతం లోపు ఉంటే పూర్తి మద్దతు ధర, 12 శాతం దాటితే కొనుగోలే లేదు. మిరపను కళ్ళంలో ఎండబోసే రోజుల్లో గాలి గని వైపు నుంచి వీస్తే, రంగు మీద పడే ప్రభావం ఖరీదుదారు కంటికి తప్పించుకోదు. మామిడి పూత మీద దుమ్ము పట్టినా అంతే. గని దారులను నీటితో తడపడం, లోడింగు చోట కప్పులు వేయడం, చెట్ల వరుసలు పెంచడం వంటివి గ్రామస్తుల మీద దయతో చేసే పనులు కావు. అవి గని అనుమతుల షరతులే.

నీటి సంగతి కూడా ఉంది. గోతి లోతు పెరిగిన కొద్దీ చుట్టుపట్ల భూగర్భ జలం అటువైపు లాగబడుతుంది. గని బయటికి తోడే నీరు చెరువులకు, కాలువలకు మళ్ళిస్తే కొంత మేలు. మళ్ళించకపోతే బోరు ఎండిన రైతు మరింత లోతు బోరు వేయాలి. ఆ ఖర్చు ఏ చిట్టాలోనూ కనబడదు.

పేలుళ్ళ విషయంలో గనుల భద్రతా శాఖ 1997లో పరిమితులు విధించింది. గని సంస్థకు చెందని ఇళ్ళ దగ్గర కంపనం, దాని పౌనఃపున్యాన్ని బట్టి, సెకనుకు 5 నుంచి 15 మిల్లీమీటర్లకు మించరాదు. ఇంటి గోడ బీటలు వారిందని చెప్పే గృహస్థుకు, పరిమితికి లోబడే పేల్చామని చెప్పే గనికి మధ్య తీర్పు చెప్పేది కొలత పరికరమే. వేబ్రిడ్జి తూకాన్ని ఇరుపక్షాలూ చూసినట్టు, ఈ కొలతలు కూడా ఊరి పంచాయతీ ముందు ఎప్పటికప్పుడు పెడితే సగం తగాదాలు తెగుతాయి.

బొగ్గు కొనేవారి మాట

ఇక నల్ల సరుకు కొనే వర్తకులు, చిన్న పరిశ్రమల సంగతి. 2000 సంవత్సరంతో బొగ్గు ధర మీద ప్రభుత్వ నియంత్రణ పూర్తిగా తొలగింది. గ్రేడింగు విషయంలో 2011 చివరి వరకు ఎ నుంచి జి వరకు ఉన్న పాత తరగతులు పోయి, 2012 నుంచి స్థూల ఉష్ణ విలువ ఆధారంగా జీ-1 నుంచి జీ-17 వరకు తరగతులు వచ్చాయి. ఒక్కొక్క తరగతికీ 300 కిలోకేలరీల తేడా. ఉదాహరణకు జీ-10 అంటే కిలోకు 4,301 నుంచి 4,600 వరకు. జీ-11 అంటే 4,001 నుంచి 4,300 వరకు. ఒక్క తరగతి జారితే ధరలో తేడా రావడమే కాదు, కొలిమిలో ఎంత బొగ్గు వేయాలన్న లెక్కే మారుతుంది. మూడవ పక్షం చేత శాంపిల్ పరీక్ష చేయించే పద్ధతి పెద్ద కొనుగోలుదార్లకు ఉంది. చిన్నవారికి కంటి అంచనాయే దిక్కు.

చిన్న వినియోగదారుల కోసం 2007 అక్టోబరులో వచ్చిన కొత్త పంపిణీ విధానం రాష్ట్ర ఏజన్సీల ద్వారా సరఫరాకు వీలు కల్పించింది. ఏడాదికి 4,200 టన్నుల పరిమితిని 2016లో 10,000 టన్నులకు పెంచారు. తక్కినవారికి ఎలక్ట్రానిక్ వేలమే మార్గం. గని పక్క ఊళ్ళోనే ఇటుక బట్టీ పెట్టుకున్నవాడు కూడా గని గేటు దగ్గర డబ్బిచ్చి బొగ్గు తెచ్చుకోలేడు. దొంగ బొగ్గుకు గిరాకీ పుట్టేది సరిగ్గా ఇక్కడే. కొనేవారు చవక చూసుకుంటారు. తూకం, గ్రేడు, రసీదు మూడూ లేని సరుకు చవక కాదని తరువాత తెలుస్తుంది.

పన్ను విషయంలో 2025 సెప్టెంబరు 22 నుంచి వచ్చిన మార్పు గమనించదగినది. అంతకుముందు బొగ్గుపై జీఎస్‌టీ 5 శాతం, దానిపైన టన్నుకు రు. 400 పరిహార సెస్సు. ఇప్పుడు సెస్సు పోయి జీఎస్‌టీ 18 శాతమైంది. లెక్క తేలికే. రాయల్టీ మొదలైనవన్నీ కలిపిన విలువ టన్నుకు రు. 2,500 అయితే పాత పన్ను రు. 525, కొత్తది రు. 450. విలువ రు. 4,000 అయితే పాతది రు. 600, కొత్తది రు. 720. రెండూ సమానమయ్యే చోటు సుమారు రు. 3,077. అంటే తక్కువ రకం బొగ్గుకు లాభం, మేలు రకానికి భారం. అయితే తమ సరుకు మీద జీఎస్‌టీ కట్టే సిమెంటు, సిరామిక్స్, కాగితం వంటి పరిశ్రమలు ఈ 18 శాతాన్ని జమ చేసుకోగలవు. పాత సెస్సు వారికి పూర్తిగా ఖర్చే. విద్యుత్తు మీద జీఎస్‌టీ లేదు కాబట్టి విద్యుత్ కేంద్రాలకు ఆ జమ సౌకర్యం లేదు. ఒకే బొగ్గు ఇద్దరికి రెండు ధరలు పడుతుంది.

ఇల్లెందు చెప్పే పాఠం

గని పక్క బజారు ఎంతకాలం నిలుస్తుంది అన్న ప్రశ్నకు జవాబు కోసం దూరం వెళ్ళనక్కరలేదు. ఇల్లెందు ఉంది. సింగరేణికి పుట్టినిల్లు అది. అక్కడి పాత భూగర్భ గనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. కంపెనీ కేంద్రం కొత్తగూడెం అయింది. తరువాత ఓపెన్‌కాస్టులు వచ్చి కొంత పని నిలిచినా, పాత గనుల నాటి సందడిని అంగళ్ళు మళ్ళీ చూడలేదని అక్కడి పెద్ద వర్తకులు చెప్పుకుంటారు. ఓపెన్‌కాస్టు జీవితకాలం పాత భూగర్భ గనికంటె కూడా తక్కువ. తొందరగా తవ్వే గని తొందరగా తరుగుతుంది.

తవ్వడం పూర్తయిన తరువాత గోతిని మట్టితో పూడ్చాలి, గుట్టలమీద చెట్లు పెంచాలి, భూమిని పనికివచ్చే స్థితికి తేవాలి అన్నది మూసివేత ప్రణాళికలో ఉండే నియమం. సింగరేణి గుట్టల మీద విస్తారంగా మొక్కలు నాటుతున్నది. అయితే పైపొర మట్టిని మొదటిరోజే వేరుగా తీసి దాచి, చివర మళ్ళీ పైన పరచకపోతే ఆ నేలలో అడవి చెట్టు బ్రతకవచ్చు కాని పత్తి మొక్కకు పట్టు దొరకదు. ఈ ఒక్క పని తవ్వకం మొదటి నెలలో చేయవలసినది. పాతికేళ్ళ తరువాత గుర్తుకు వచ్చి ప్రయోజనం లేదు.

ధోరణి

సత్తుపల్లి ప్రాంతంలో బొగ్గు ఉత్పత్తి సమీప కాలంలో తగ్గే సూచన లేదు. రైలు మార్గం మీద పెట్టిన సొమ్మే అందుకు గుర్తు. అంత ఖర్చు పెట్టి పట్టాలు వేసింది నాలుగేళ్ళ బొగ్గు కోసం కాదు. విద్యుత్ కేంద్రాల నుంచి గిరాకీ నిలకడగా ఉంది. పత్తి విస్తీర్ణం గని అంచున తరుగుతుంది, దూరపు మండలాల్లో ధరనుబట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఆయిల్‌పామ్ గెలల ధర విదేశపు ముడినూనె మీద, దిగుమతి సుంకం మీద ఆధారపడింది. ఆ సుంకాన్ని 2024 సెప్టెంబరులో పెంచి 2025 మే చివర తగ్గించారు. గనికి దగ్గరలో తోట వేయదలచినవారు ఈ సుంకంతోపాటు భూసేకరణ పటాన్ని కూడా చూసుకోవడం మంచిది.

కమీషన్ వ్యాపారులకు మిగిలే పాఠం ఇది. సేకరణ ప్రకటన రాగానే పాత బాకీలు వసూలవుతాయన్న ఆనందంలో, రేపు సరుకు తెచ్చే రైతు ఎవరన్న ప్రశ్న మరువరాదు. ఖనిజ నిధి సొమ్ము చెరువులకు, బోర్లకు, మంచి రోడ్లకు చేరితే ఆ ప్రశ్నకు కొంత జవాబు దొరుకుతుంది. గ్రామ సభల్లో ఆ సొమ్ము లెక్క అడగవలసింది నిర్వాసితులు మాత్రమే కాదు. యార్డులో కాటా పెట్టుకు కూర్చున్న ప్రతివాడూ ఆ నేల పంట మీద బ్రతుకుతున్నవాడే. బొగ్గు వ్యాగన్లు వెళ్ళిపోయిన తరువాత కూడా సత్తుపల్లి బజారు తెరిచి ఉండాలంటే, గుట్టల చుట్టూ ఉన్న చేలలో ఏటా ఏదో ఒక సరుకు పండుతూ ఉండాలి.